తాళం తీస్తేనే గ్రంథాలయం

తలుపుల ప్రాంత బడుల్లో పుస్తకాల గదికి కొత్త రూపు ఇవ్వడమెలా?

తలుపుల: మీ బడిలో గ్రంథాలయం వుందా అని ఏ ప్రభుత్వ పాఠశాలలో అడిగినా వుందనే జవాబు వస్తుంది. ఎక్కడ వుందంటే చాలా చోట్ల ప్రధానోపాధ్యాయుని గదిలోని ఇనుప బీరువాను చూపిస్తారు. ఆ బీరువా తాళం ఎవరి దగ్గర వుంటుందన్నది మూడో ప్రశ్న. అసలు చిక్కంతా ఈ మూడో ప్రశ్న దగ్గరే వున్నది.

ఊరి పేరు తలుపుల. ఈ ప్రాంతపు పిల్లలకు పుస్తకాల తలుపులు ఏ మేరకు తెరుచుకున్నాయన్నది మాత్రం ఆలోచించవలసిన విషయం. కదిరి నుంచి పులివెందుల వైపు వెళ్లే దారిలో వున్న ఈ మండలం వానను నమ్ముకుని వేరుశనగ పండించే మెట్ట ప్రాంతం. వాన ముఖం చాటేసిన ఏడు బెంగళూరుకో, కేరళకో కూలికి వెళ్లడం కదిరి ప్రాంత పల్లెలకు కొత్త కాదు. తల్లిదండ్రులు వలస వెళితే పిల్లలు అవ్వాతాతల దగ్గర వుండి బడికి వస్తారు. అటువంటి ఇళ్లలో పాఠ్యపుస్తకం తప్ప మరో పుస్తకం కనిపించడం అరుదు. పట్నంలో పుస్తకాల అంగడికి వెళ్లి కొనుక్కునే స్తోమత వారికి లేదు. ఆడపిల్లలు సాయంత్రం వేళ ఒంటరిగా పక్క ఊరి గ్రంథాలయానికి వెళ్లే పరిస్థితి అంతకన్నా లేదు. కనుక ఈ పిల్లలకు కథల పుస్తకం దొరికితే బడిలోనే దొరకాలి. అక్కడ దొరకకపోతే ఇక ఎక్కడా దొరకదు.

బడుల రూపురేఖలు ఈ మధ్య కాలంలో కొంత మారిన మాట నిజమే. 2019 నవంబరు 14న రాష్ట్రంలో మొదలైన 'మన బడి నాడు–నేడు' కార్యక్రమం కింద తొలి విడతలో 15,715 పాఠశాలలను బాగు చేశారు. నీటి వసతితో మరుగుదొడ్లు, తాగునీరు, మరమ్మతులు, ఫ్యాన్లు, లైట్లు, బల్లలు, ఆకుపచ్చ రాతబోర్డులు, రంగులు, ఇంగ్లీషు ల్యాబు, ప్రహరీ గోడ అందులో వున్నాయి. మొదట ప్రకటించిన ఆ తొమ్మిది అంశాల్లో గ్రంథాలయానికి విడిగా పేరు లేకపోవడం గమనార్హం. గోడలకు రంగులు వచ్చాయి, గదుల్లో వెలుతురు వచ్చింది. పుస్తకాల బీరువా మాత్రం వున్న చోటనే వుండిపోయింది.

ఇతర దేశాల్లో ఇప్పుడు బడి గ్రంథాలయమంటే పుస్తకాల గోదాము అని ఎవరూ అనుకోవడం లేదు. ఒక పూట కథ వినడానికి, ఒక పూట గుంపులుగా కూర్చుని పని చేయడానికి, మరో పూట ఒంటరిగా చదువుకోవడానికి, అవసరమైతే సభ జరుపుకోవడానికి ఎప్పటికప్పుడు మలుచుకోగల గదిగా దాన్ని తీర్చిదిద్దుతున్నారు. ఫిన్లాండు రాజధాని హెల్సింకిలో 2018 డిసెంబరులో తెరిచిన 'ఊడి' అనే పౌర గ్రంథాలయంలో పుస్తకాలతోపాటు కుట్టు మిషన్లు, పనిముట్ల గదులు కూడా పెట్టారు. అంత ఖర్చు మన పల్లె బడికి సాధ్యం కాదు, అవసరమూ లేదు. ఆ ఆలోచనను మన గదికి, మన ఎండకు, మన పిల్లలకు తగినట్టు అమలు చేయడం మాత్రం సాధ్యమే. దానికి ముందు పెద్దల మనసుల్లో వున్న ఒక భయం తీరాలి.

జమా పుస్తకం భయం

బడిలో ప్రతి పుస్తకమూ స్టాకు రిజిస్టరులో నమోదవుతుంది. చాలా ప్రభుత్వ ఉన్నత పాఠశాలల్లో ప్రత్యేకంగా గ్రంథపాలకుడు వుండడు. తెలుగు మాస్టారుకో, మరో ఉపాధ్యాయునికో బోధనతోపాటు ఈ బాధ్యత కూడా అప్పగిస్తారు. బదిలీ అయినపుడు రిజిస్టరు ప్రకారం పుస్తకాలన్నీ లెక్క చూపి వెళ్లాలి. తక్కువ పడితే సంజాయిషీ ఇవ్వాలి, లేదా చేతి డబ్బు పెట్టుకోవాలి. పుస్తకాలు పిల్లలకు ఇవ్వనందుకు మాత్రం ఎవరూ సంజాయిషీ అడగరు. ఈ ఏర్పాటులో తెలివైన మనిషి ఎవరైనా ఏం చేస్తాడు? బీరువాకు తాళం వేస్తాడు. తప్పు ఆ ఉపాధ్యాయునిది కాదు, ఏర్పాటుది.

పుస్తకం చదివితే నలుగుతుంది. చేతులు మారితే ఒకటో రెండో పోతాయి కూడా. దీన్ని ప్రభుత్వం కూడా ఎప్పుడో ఒప్పుకున్నది. కేంద్ర ప్రభుత్వ కార్యాలయాలకు వర్తించే సాధారణ ఆర్థిక నియమావళి (2017)లో ఈ విషయమై స్పష్టమైన నిబంధన వున్నది. ఏడాదిలో పాఠకులకు ఇచ్చిన, వారు తీసి చూసిన ప్రతి 1,000 పుస్తకాలకు 5 చొప్పున పోవడం సహజమైన నష్టంగా పరిగణించవచ్చు. ఆ నష్టం వెనుక మోసం గాని, నిర్లక్ష్యం గాని వుండకూడదు. వెయ్యి రూపాయలకు మించిన పుస్తకం, అరుదైన పుస్తకం పోయినపుడే విచారణ తప్పనిసరి.

ఈ లెక్కను మన బడికి వేసి చూద్దాం. 300 మంది పిల్లలున్న బడిలో ప్రతి ఒక్కరూ వారానికి ఒక పుస్తకం చొప్పున 30 వారాలు ఇంటికి తీసుకెళ్లారనుకుందాం. మొత్తం 9,000 సార్లు పుస్తకాలు చేతులు మారినట్టు. పై నిబంధన ప్రకారం 45 పుస్తకాలు పోయినా అది సహజ నష్టమే. అది పెద్ద గ్రంథాలయాలను దృష్టిలో పెట్టుకుని రాసిన కేంద్ర నిబంధన కనుక మన జిల్లా పరిషత్ బడులకు నేరుగా వర్తించకపోవచ్చు. అయితే అదే పద్ధతిలో జిల్లా విద్యాశాఖ ఒక స్పష్టమైన ఉత్తర్వు ఇస్తే అనేక బీరువాల తాళాలు మరునాడే తెరుచుకుంటాయనడంలో సందేహం లేదు. గదికి రంగులు వేయించడానికి ముందు జరగవలసిన పని ఇదే. దీనికి పైసా ఖర్చు లేదు.

70 ఏళ్ల నాటి హెచ్చరిక

ఈ మాట కొత్తగా చెబుతున్నది కాదు. మద్రాసు విశ్వవిద్యాలయ ఉపాధ్యక్షులు డాక్టర్ ఎ. లక్ష్మణస్వామి మొదలియార్ అధ్యక్షతన ఏర్పడిన మాధ్యమిక విద్యా సంఘం 1953లో తన నివేదిక ఇచ్చింది. అనంతపురం జిల్లా మద్రాసు రాష్ట్రం నుంచి విడివడి ఆంధ్ర రాష్ట్రంలో చేరిన సంవత్సరం కూడా అదే. దేశంలో చాలా పాఠశాలల్లో గ్రంథాలయమని చెప్పదగినది లేనే లేదని ఆ సంఘం కుండబద్దలు కొట్టినట్టు చెప్పింది. పిల్లల అభిరుచి తెలుసుకోకుండా కొన్న పాత పుస్తకాలు, ఇరుకైన కళావిహీనమైన గది, అయిష్టంగా బాధ్యత మోసే ఉద్యోగి – ఇవీ ఆ సంఘం కనుగొన్న లోపాలు. బడి మొత్తం మీద గ్రంథాలయమే అందరినీ ఆకర్షించే చోటు కావాలనీ, విశాలమైన, వెలుతురు వచ్చే హాలులో పటాలు, పూలతో అలంకరించి పెట్టాలనీ, పిల్లలు తామే పుస్తకాలు తీసుకునేలా అరలు తెరిచి వుంచాలనీ సిఫారసు చేసింది.

అంతకు ముందే, 1931లో, మద్రాసులోనే పని చేసిన ఎస్.ఆర్. రంగనాథన్ గ్రంథాలయ శాస్త్రానికి అయిదు సూత్రాలు రాశారు. పుస్తకాలు వున్నది వాడుకోవడానికే అన్నది మొదటి సూత్రం. ఇది చెప్పవలసిన మాటా అనిపిస్తుంది గాని, ఒకప్పుడు ఐరోపా ఖండంలో పుస్తకాలను గొలుసులతో అరలకు కట్టివేసేవారు. ఇంగ్లండులోని హెర్ఫర్డ్ కెథడ్రల్‌లో అలాంటి గొలుసుల గ్రంథాలయం నేటికీ చూడవచ్చు. మన బీరువా తాళం ఆ గొలుసుకు చుట్టమే. ప్రతి పాఠకునికీ తన పుస్తకం, ప్రతి పుస్తకానికీ తన పాఠకుడు, పాఠకుని కాలం ఆదా చేయడం అన్నవి తరువాతి మూడు సూత్రాలు. గ్రంథాలయం పెరిగే ప్రాణి అన్నది అయిదోది. కదిరి ప్రాంతం వారికి ఈ అయిదో సూత్రం విడమరచి చెప్పనక్కరలేదు. గూటిబైలులో తిమ్మమ్మ మర్రిమాను ఊడ దిగిన చోటల్లా మరో మానుగా మారుతూ అయిదెకరాలకు దగ్గరగా విస్తరించి 1989లో గిన్నిస్ పుస్తకానికి ఎక్కింది. గ్రంథాలయమూ అలాగే అవసరమున్న వైపు పెరగాలి. గోడకు బిగించిన బీరువా పెరగదు.

చట్టం కూడా పిల్లల పక్షాన్నే వున్నది. 2009 నాటి విద్యాహక్కు చట్టం షెడ్యూలు ప్రకారం ప్రతి పాఠశాలలో గ్రంథాలయం వుండాలి. అందులో వార్తాపత్రికలు, మాసపత్రికలు, అన్ని విషయాల పుస్తకాలు, కథల పుస్తకాలతో సహా వుండాలి. కథల పుస్తకాలను చట్టమే పేరు పెట్టి చెప్పిందన్న సంగతి, కథలు చదివితే చదువు చెడుతుందని భయపడే పెద్దలు గుర్తుంచుకోవలసి వున్నది.

పొరుగునే వున్న పాఠం

గదిని పిల్లలకు తగినట్టు మలచడమెలాగో నేర్చుకోవడానికి మన ఉపాధ్యాయులు హెల్సింకి దాకా వెళ్లనక్కరలేదు. కదిరి నుంచి మదనపల్లె బస్సు ఎక్కితే చాలు. జిడ్డు కృష్ణమూర్తి ఆలోచనలతో వెలసిన రిషివ్యాలీ విద్యాసంస్థ అక్కడికి సమీపంలోనే వున్నది. ఆ సంస్థ 1980 దశకంలో చుట్టుపక్కల పల్లెల్లో చిన్న చిన్న బడులు మొదలుపెట్టింది. ఒకే గది, ఒకే ఉపాధ్యాయుడు, అయిదు తరగతుల పిల్లలు. ఈ చిక్కుకు వై.ఎ. పద్మనాభరావు, ఎ. రమ దంపతులు కనిపెట్టిన ఉపాయం దేశమంతటా పేరు తెచ్చుకున్నది.

వారు పాఠాలను చిన్న చిన్న కార్డులుగా విడదీశారు. ప్రతి కార్డుపై ఒక బొమ్మ గుర్తు వుంటుంది. గోడ మీద 'అభ్యసన నిచ్చెన' వుంటుంది. తాను ఏ మెట్టు మీద వున్నదీ చూసుకుని పిల్లవాడే ట్రేలోంచి తన కార్డు తెచ్చుకుంటాడు. నేలమీద చాపలు వేసి పిల్లలు గుంపులుగా కూర్చుంటారు. ఒక గుంపుకు ఉపాధ్యాయుని సాయం పూర్తిగా కావాలి. మరో గుంపుకు కొంత చాలు. ఇంకో గుంపులో పిల్లలే ఒకరికొకరు చెప్పుకుంటారు. గోడల పొడవునా, నేలకు దగ్గరగా, పిల్లల చేతికందే ఎత్తున నల్లబల్లలు వుంటాయి. స్థానిక కథలు, పాటలు కూడా పాఠాల్లో చేరాయి.

ఈ పద్ధతిని చూసి వెళ్లిన కర్ణాటక ఉపాధ్యాయులు మైసూరు జిల్లా హెగ్గడదేవనకోటె తాలూకాలో 1995లో 'నలి–కలి' మొదలుపెట్టారు. ఆడుతూ నేర్చుకో అని దాని అర్థం. ఆ తరగతుల్లో పిల్లలు వేసిన బొమ్మలు, రాసిన కాగితాలు తలపైన తీగలకు కట్టి వేలాడదీస్తారు. దాన్ని వారు చప్పర అంటారు. మన సీమలో పెళ్లికి వేసే చప్పరం మాటే అది. 2003లో మద్రాసు నగర కార్పొరేషన్ బడులు ఈ దారి పట్టాయి. తరువాత అది తమిళనాడు అంతటికీ పాకింది.

ఇది తరగతి గదిలో జరిగిన మార్పు, గ్రంథాలయంలో కాదు. అయినా గ్రంథాలయానికి పనికివచ్చే కీలకమంతా ఇందులోనే వున్నది. వస్తువు పిల్లవాని చేతికి అందాలి. ఏది తీసుకోవాలో అతనికే తెలియాలి. తీసిన చోట తిరిగి పెట్టడం అతని బాధ్యత కావాలి. పెద్దలు కాపలా కాసే పని తగ్గి పక్కన కూర్చుని చెప్పే పని పెరగాలి.

గది ఒకటి, పనులు నాలుగు

20 అడుగుల పొడవు, 20 అడుగుల వెడల్పు వున్న మామూలు గదిని తీసుకుందాం. 400 చదరపు అడుగులు. 40 మంది నేలమీద కూర్చుంటే తలా 10 చదరపు అడుగులు వస్తుంది. అదే గదిలో నడిమధ్య పెద్ద బల్ల, చుట్టూ ఇనుప కుర్చీలు, గోడలకు ఎత్తైన బీరువాలు పెడితే 15 మంది కూర్చోవడం కూడా కష్టమే. మన బడుల్లో గ్రంథాలయ పీరియడు వచ్చినా పిల్లలను గదిలోకి పంపకపోవడానికి ఇదొక కారణం. కనుక మొదటి పని గది మధ్య భాగాన్ని ఖాళీ చేయడం.

ఇక్కడ ఒక తేలికైన నియమం పెట్టుకోవచ్చు. ఇద్దరు పిల్లలు కలిసి ఎత్తలేని వస్తువు ఏదీ గది నడుమ వుండకూడదు. బరువైనవన్నీ గోడ వారకు, తేలికైనవన్నీ మధ్యకు. అప్పుడు ఆ గది రోజుకు నాలుగు రకాలుగా పనికి వస్తుంది.

ఉదయం చిన్న తరగతుల వారికి అది కథల గది. జంపఖానా పరచి అర్ధచంద్రాకారంలో కూర్చోబెడితే చివరి పిల్లవానికి కూడా పుస్తకంలో బొమ్మ కనిపిస్తుంది. పై తరగతుల వారికి అది పని గది. అయిదారుగురు చొప్పున వలయంగా కూర్చుని ఒక విషయంపై నాలుగు పుస్తకాలు వెతికి, తెలుసుకున్నది గోడ బల్లపై రాస్తారు. మధ్యాహ్న భోజనం తరువాత అది ఎవరిష్టం వారిది. కిటికీ దగ్గర ఒకరు, గోడకు ఆనుకుని ఒకరు, బోర్లా పడుకుని ఒకరు చదువుకోవచ్చు. బోర్లా పడుకుని చదివితే క్రమశిక్షణ పోతుందనుకోవడం వట్టి భ్రమ. ఇంట్లో పెద్దలు పేపరు చదివేది ఎలాగో పిల్లలు రోజూ చూస్తూనే వున్నారు. నెలకొకసారి అది సభాస్థలి. వేమన పద్యాల పోటీ, సైన్సు ప్రదర్శన, తల్లుల సమావేశం అక్కడే జరుపుకోవచ్చు.

ఒక పని నుంచి మరో పనికి గది మార్చడానికి అయిదు నిమిషాలకు మించి పట్టకూడదు. ఆ మార్చడం కూడా పిల్లలే చేయాలి. అటెండరు వచ్చే దాకా ఆగవలసి వస్తే నెల తిరక్కుండానే ఆ ఏర్పాటు మూలపడుతుంది.

కడప బండ, ఈత చాప

ఇందుకు కావలసిన సామాను బెంగళూరు నుంచి తెప్పించవలసిన పని లేదు. మన ఇళ్లలో సామాన్ల అరలకు వాడే కడప బండ పుస్తకాల అరకు కూడా భేషుగ్గా పనికి వస్తుంది. దానికి చెదలు పట్టవు, తుప్పు పట్టదు. అయితే బండను గోడలోకి గట్టిగా దిగేసి, అంచులు నున్నగా అరగదీయించాలి. పిల్లల తల తగిలే చోట పదును వుండకూడదు. పై అర 4 అడుగుల ఎత్తు మించకూడదు. అంతకు పైన వున్న పుస్తకం చిన్న పిల్లలకు లేనట్టే.

పిల్లల పుస్తకాలు పలచగా వుంటాయి. 16 పేజీల బొమ్మల పుస్తకాన్ని పెద్ద పుస్తకాల్లా నిలువుగా సర్దితే వీపు మీద పేరే కనపడదు. కనుక వాటిని అట్ట ముందుకు కనబడేలా పెట్టాలి. గోడ పొడవునా రెండు వరుసల తీగ గాని, నవారు తాడు గాని కట్టి పుస్తకాలను దానిపై తెరిచి వేలాడదీయడం చాలా బడుల్లో చేస్తున్న పనే. ఖర్చు తక్కువ, చూపుకు అందం. వారానికొకసారి ఆ పుస్తకాలు మారిస్తే పిల్లలకు ప్రతి వారం కొత్త గ్రంథాలయమే.

గోడ దిగువ భాగాన, నేల నుంచి అడుగు ఎత్తున మొదలుపెట్టి మూడు నాలుగడుగుల దాకా నల్లరంగు పూయిస్తే చుట్టూ రాతబల్ల సిద్ధమవుతుంది. కూర్చోవడానికి ఈత చాపలు, జంపఖానాలు చాలు. రాసుకోవడానికి పూర్వం లెక్కలు రాసుకునే గుమాస్తాల దగ్గర వుండే వాలు పెట్టె వంటి చిన్న బల్లలు ఊరి వడ్రంగి చేయగలడు. కాలు మడవలేని పిల్లల కోసం, చక్రాల కుర్చీలో వచ్చే పిల్లల కోసం రెండు మామూలు బల్లలు, వాకిలి దగ్గర వాలుదారి తప్పనిసరి.

మన ఎండ సంగతి మరువరాదు. కిటికీకి అడ్డంగా బీరువా పెడితే వెలుతురు, గాలి రెండూ పోతాయి. నేరుగా ఎండ పడే గోడకు పుస్తకాలు పెడితే కాగితం పెళుసెక్కి అట్టల రంగు వెలిసిపోతుంది. చదివేవారు కిటికీ పక్కన, పుస్తకాలు కిటికీకి ఎదురు గోడన వుండడం మంచిది. చెక్క అరలైతే గోడకు జానెడు ఎడంగా వుంచి, నెలకొకసారి దులపాలి. పుస్తకాల మధ్య ఎండిన వేపాకు వేసే మన అవ్వల పద్ధతిని కూడా పాటించవచ్చు.

గోడలు పడగొట్టి మళ్లీ కట్టారు

కొత్త రూపు పేరుతో అతి చేస్తే ఏమవుతుందో కూడా తెలుసుకోవాలి. 1960, 70 దశకాల్లో అమెరికా, బ్రిటన్‌లలో తరగతి గదుల మధ్య గోడలే లేకుండా విశాలమైన బడులు కట్టారు. పిల్లలు స్వేచ్ఛగా తిరుగుతారని, ఉపాధ్యాయులు కలిసి చెబుతారని ఆశించారు. ఒక మూల చెప్పే పాఠం మరో మూల వారికి గోలగా మారింది. ఆ గోలలో ఉపాధ్యాయుల గొంతు వినిపించలేదు. చివరికి చాలా చోట్ల బీరువాలు, తడకలు అడ్డం పెట్టి, ఆపై మళ్లీ గోడలు కట్టుకున్నారు.

గది మారినంత మాత్రాన బోధన మారదని ఈ అనుభవం చెబుతున్నది. ఉపాధ్యాయునికి కొత్త పద్ధతిలో తర్ఫీదు ఇవ్వకుండా బల్లలు తీసేస్తే ఆయన మళ్లీ పాత పద్ధతిలోనే, ఈసారి నిలబడి గొంతు చించుకుని పాఠం చెబుతాడు. అందువల్ల ఒకే వేళ రెండు రకాల పనులు ఒకే గదిలో పెట్టకూడదు. కథ చెప్పే వేళ కథే, మౌనంగా చదివే వేళ మౌనమే. నేల మీద జంపఖానా, గోడకు వేలాడే పుస్తకాలు, పైన గుడ్డ చప్పరం వుంటే శబ్దం కొంత అణుగుతుంది కూడా. వట్టి సిమెంటు గదిలో వచ్చినంత మోత రాదు.

ఏ పుస్తకాలు పెట్టాలి?

చందమామ 1947 జులైలో మొదలై దశాబ్దాల పాటు తెలుగు పిల్లలకు చదవడం మప్పింది. మాస్కో నుంచి తెలుగులో అచ్చయి విశాలాంధ్ర అంగళ్లలో చవకగా దొరికిన బొమ్మల పుస్తకాలు మరో తరానికి లోకాన్ని చూపించాయి. అవి రెండూ ఆగిపోయాయి. అంతమాత్రాన నేడు పుస్తకాలు లేవని కాదు. నేషనల్ బుక్ ట్రస్టు, ప్రథమ్ బుక్స్, మంచి పుస్తకం వంటి సంస్థలు తెలుగులో తక్కువ వెలకే పిల్లల పుస్తకాలు ప్రచురిస్తున్నాయి. ప్రథమ్ బుక్స్ తన కథలను చదివే శక్తిని బట్టి నాలుగు స్థాయిలుగా విభజించింది. బడిలో కూడా వీపు మీద నాలుగు రంగుల కాగితం ముక్కలు అంటిస్తే తనకు తగిన పుస్తకమేదో పిల్లవానికే తెలిసిపోతుంది.

ఈ ప్రాంతంలో ఉర్దూ మాట్లాడే కుటుంబాలు గణనీయంగా వున్నాయి. ఉర్దూ పుస్తకాలు ఒక అర నిండా వుండాలి. ఎనిమిదో తరగతి వారికి 2022 డిసెంబరులో ప్రభుత్వం ట్యాబులు పంచింది. అటువంటి తెర ఒకటి గ్రంథాలయంలో వున్నా మంచిదే. అది వెతుక్కోవడానికి సాధనం కావాలే గాని పుస్తకానికి పోటీ కాకూడదు.

మరో అర బడి పిల్లలే నింపాలి. గండ్లపెంట మండలం కటారుపల్లెలో సమాధి అయిన యోగి వేమన పద్యాలు జనం నోళ్లలో, తాటాకుల్లో చెదిరి వుండగా సి.పి. బ్రౌన్ సేకరించి 1829లో తొలి సంపుటం అచ్చు వేయించాడు. ఆ పని నేటి పిల్లలు తమ ఇళ్లలో చేయవచ్చు. అవ్వ చెప్పిన కథ, ఊరి చెరువు చరిత్ర, కరువు సంవత్సరాల జ్ఞాపకాలు, పాత విత్తనాల పేర్లు రాసి కుట్టి అరలో పెడితే అవి మరెక్కడా దొరకని పుస్తకాలవుతాయి. మన బడుల్లో ఒకప్పుడు విరివిగా వచ్చిన లిఖిత పత్రికలు, గోడపత్రికలు ఈ మిషతో మళ్లీ ప్రాణం పోసుకుంటాయి.

పల్లెకు వెళ్లే ట్రంకు పెట్టె

ఉన్నత పాఠశాల సంగతి సరే, 20 మంది పిల్లలున్న పల్లె ప్రాథమిక పాఠశాలకు విడిగా గది ఎక్కడ తేగలం? దీనికి జవాబు మన గ్రంథాలయోద్యమంలోనే వున్నది. 1931లో తమిళ దేశాన మన్నార్‌గుడి ప్రాంతంలో ఎడ్లబండి మీద పుస్తకాలు పల్లెలకు తీసుకెళ్లారు. 1935లో పాతూరి నాగభూషణం గారు పెదపాలెం నుంచి కాలువ మీద పడవ గ్రంథాలయం నడిపించారు. 1914లో అయ్యంకి వెంకటరమణయ్య గారు బెజవాడలో ఆంధ్రదేశ గ్రంథ భాండాగార సంఘాన్ని నిలబెట్టిన నాటి నుంచీ పుస్తకం పాఠకుని వెతుక్కుంటూ వెళ్లాలన్నదే ఆ ఉద్యమ స్ఫూర్తి.

మనకు కాలువలు లేవు గాని ఆటోలు వున్నాయి. పది పల్లె బడులకు పది ట్రంకు పెట్టెలు, పెట్టెకు 50 పుస్తకాలు. నెలకొకసారి పెట్టెలు ఒక బడి నుంచి మరో బడికి మారితే పది నెలల్లో ప్రతి బడి పిల్లలూ 500 పుస్తకాలు చూస్తారు. ఏ ఒక్క బడీ 50కి మించి కొనవలసిన పని లేదు. స్కూలు కాంప్లెక్సు సమావేశాలకు ఉపాధ్యాయులు ఎలాగూ కలుస్తారు కనుక పెట్టెల మార్పిడి అక్కడే జరిగిపోతుంది. పెట్టె తెరిచి, చాప పరిస్తే వరండాయే గ్రంథాలయం.

ఎవరు పూనుకోవాలి?

సమగ్ర శిక్ష కింద పాఠశాల స్థాయిని బట్టి ఏడాదికి 5 వేల రూపాయల నుంచి 20 వేల రూపాయల వరకు గ్రంథాలయ గ్రాంటుకు అవకాశం వున్నది. అది పెద్ద మొత్తం కాదు. ఆ డబ్బు మరో ఇనుప బీరువాకు పెట్టకుండా పుస్తకాలకే ఖర్చు చేయాలి. అరలు, చాపలు, రంగుల బాధ్యత పాఠశాల యాజమాన్య కమిటీ, పూర్వ విద్యార్థులు తీసుకోవచ్చు. విద్యాహక్కు చట్టం ప్రకారం ఆ కమిటీలో మూడు వంతుల మంది తల్లిదండ్రులు, సగం మంది మహిళలు వుండాలి. కమిటీ సమావేశాన్ని ఆ గదిలోనే పెడితే తల్లులు కూడా ఒక పుస్తకం తిరగేస్తారు. అక్షరం రాని తల్లి కథ చెబుతుంది, బిడ్డ రాసుకుంటుంది.

రోజువారీ నిర్వహణ పిల్లల చేతిలో పెట్టాలి. తరగతికి ఇద్దరు చొప్పున, వారిలో ఒక బాలిక తప్పక వుండేలా ఎన్నుకుంటే పుస్తకాలు ఇచ్చిపుచ్చుకునే రిజిస్టరు వారే రాస్తారు. చిరిగిన పుస్తకానికి జిగురు అంటించడం, పోయిన పుస్తకాన్ని వెతికి తేవడం కూడా వారికి బాగా తెలుసు. పుస్తకం ఎవరింట్లో వుందో మాస్టారు కంటే పక్కింటి పిల్లకే ముందు తెలుస్తుంది.

అన్నిటికంటే ముఖ్యం వేసవి సెలవులు. పిల్లలకు తీరిక దొరికే ఆ నెలన్నర రోజులూ పుస్తకాల గది పూర్తిగా మూతపడుతుంది. వలస వెళ్లిన తల్లిదండ్రుల పిల్లలకు అవి మరీ ఒంటరి రోజులు. చివరి పనిదినాన ఒక్కొక్కరికి మూడు పుస్తకాలు ఇచ్చి పంపితే బడి తెరిచే నాటికి ఆ మూడూ ఇంటింటికీ తిరిగి పదింటికి సమానమవుతాయి. కొన్ని తిరిగి రాకపోవచ్చు. తిరిగి రాని పుస్తకం ఏదో ఒక ఇంట్లో వుంటుంది. పుస్తకమే లేని ఇంట్లో ఒక పుస్తకం మిగిలిపోవడం ప్రభుత్వానికి నష్టం అనుకోనక్కరలేదు.

ఏటా నవంబరు 14 నుంచి 20 వరకు గ్రంథాలయ వారోత్సవాలు జరుగుతాయి. సభలు, వక్తృత్వ పోటీలు, బహుమతుల ప్రదానం ముగిశాక పుస్తకాలు మళ్లీ బీరువాలోకి చేరడం రివాజు అయింది. ఈసారి వారోత్సవాల లోపు జిల్లా విద్యాశాఖాధికారులు సహజ నష్టంపై ఉత్తర్వు జారీ చేసి, ప్రధానోపాధ్యాయులు గది మధ్యనున్న బరువు తీయించి, పుస్తకాలు పిల్లల చేతికందే ఎత్తున పెట్టిస్తే చాలు. మిగతా మార్పులు ఒక్కొక్క ఏడు ఒక్కొక్కటిగా చేసుకోవచ్చు. విద్యాశాఖాధికారులు, మండల పెద్దలు, తల్లిదండ్రులు ఈ దిశగా చొరవ చూపవలసి వున్నది.